మహానిర్మాణములకు మైలురాళ్లు

ఒక పఠనమందిరపు వార్షికసభలో మేము చేసిన ఉపన్యాసము



మీ మందిరమువారు మమ్ము పిలిచి, ఏ విషయమునుగూర్చి పలికినను సమ్మతమే యనిరి. ఆ స్వేచ్ఛయే మమ్ము చిక్కున బెట్టినది. తుదకు మీ బల్లపై పరచియున్న పత్రికలే మాకు విషయమును చూపినవి. ఏ పత్రికను విప్పినను ఒక పుటలో శంకుస్థాపన, మరియొక పుటలో గడువు పొడిగింపు. ఈ రెంటికిని నడుమ ఏమి జరిగినదో తెలుపు పుట మాత్రము కానరాదు. కానరాని ఆ పుటనుగూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

ఒక మహానిర్మాణము ఒక్క పని కాదు. అనేక కార్యముల కూటమి. నదికి అడ్డముగ కట్టు కట్ట యొకటి, వరదను సాగనంపు మార్గ మొకటి, కాలువలు కొన్ని, వంతెనలు కొన్ని, విద్యుత్కేంద్ర మొకటి, మునిగిపోవు గ్రామములవారికి క్రొత్త ఊళ్లు కట్టించు పని యొకటి. ఒక్కొక్కదానికి ఒక కాంట్రాక్టరు, ఒక ఇంజనీరు, ఒక పద్దు, ఒక గడువు. గడువులన్నిటిని వ్రాసిన పట్టిక వేయి వరుసలకు తక్కువ కాదు. వేయింటిని సమానమైన శ్రద్ధతో కాయుట మానవసాధ్యము కాదు. కావున ఏ పది పండ్రెండు తప్పినచో సమస్తమును తప్పునో వానిని ముందుగ గుర్తించుట కార్యకర్తల ప్రథమధర్మము. వానినే మేము ఆయువుపట్టు మైలురాళ్లని పిలుచుచున్నాము.

మైలురాయి యన నేమి? బాటప్రక్కన నిలిచిన రాయి బాటసారిని పొగడదు. ఇంత దూరము వచ్చితివని, ఇంత దూరము మిగిలినదని నిజము చెప్పును. మన సభలలో పాతు రాళ్లు వేరు. వానిపై పేర్లుండును, తేదీలుండును, మిగిలిన దూరముండదు. శంకుస్థాపన శిలకును మైలురాయికిని గల ఈ భేదమును మరచుటచేతనే మనము పెక్కుసార్లు ఉత్సవమును ప్రగతిగా భ్రమించితిమి.

ఈ విద్య మనకు తెలియనిది కాదు. పెండ్లి చేయు గృహస్థును చూడుడు. ముహూర్తము నిశ్చయమైన క్షణమునుండి ఆతడు వెనుకకు లెక్కించును. కల్యాణమండపము కుదిరిననేగాని శుభలేఖ అచ్చు కాదు. శుభలేఖ అందిననేగాని దూరపు చుట్టములు రైలుటిక్కెట్లు కొనలేరు. లడ్డూలు రెండు దినములు ముందో వెనుకో చేసినను పెండ్లి ఆగదు. మండపము కుదురుట ఇరువది దినములు జారినచో పెండ్లియే చిక్కులోబడును. లడ్డూలకు వెసులుబాటు కలదు, మండపమునకు లేదు. వెసులుబాటు లేని పనులను వెసులుబాటు గల పనులనుండి వేరుచేయుటయే ఈ విద్య యంతయు. ఇంటియొద్ద ఇంత చక్కగ నెరిగిన దానిని వేలకోట్ల పనులయందు మనమేల మరచుచున్నాము?

ఇరువదవ శతాబ్ది నడుమ పాశ్చాత్యులు దీనికి గణితరూప మొసగిరి. 1957 ప్రాంతమున అమెరికాలో డూపాంటు రసాయన సంస్థవారు తమ కర్మాగారముల పనులకును, 1958లో ఆ దేశపు నౌకాదళమువారు పొలారిస్ క్షిపణి నిర్మాణమునకును ఈ లెక్కను ప్రయోగించిరి. మొదటిదానికి క్రిటికల్ పాత్ అనియు, రెండవదానికి పెర్ట్ అనియు పేళ్లు. సారాంశ మిది. ప్రతి పనికిని ఎన్ని దినములు పట్టునో, దానికి ముందు ఏ పని ముగియవలెనో వ్రాయుడు. పనుల గొలుసులు ఏర్పడును. ఆ గొలుసులలో మిక్కిలి పొడవైనది ఏదో అదియే తుదినాటిని నిర్ణయించును. ఆ గొలుసునందు ఒక దినము జారిన నిర్మాణమంతయు ఒక దినము జారును. తక్కిన గొలుసులపై రాత్రింబవళ్లు పాటుపడి కాలమును మిగిల్చినను తుదినాడు ముందుకు రాదు.

ఇంతవరకు పుస్తకములలో నున్నదే. అనుభవము దీనికి రెండు హెచ్చరికలను చేర్చుచున్నది.

గొలుసులు కలియు చోటు మొదటి హెచ్చరిక. ఒకదానితో నొకటి సంబంధము లేని ఐదు పనులు ఒకే నాటికి సిద్ధము కావలసియున్న వనుకొనుడు. ఒక్కొక్కటి సకాలమున ముగియుటకు పదింట తొమ్మిది పాళ్లు అవకాశమున్నదనుకొనుడు. ఏ ఇంజనీరు నడిగినను తన పనినిగూర్చి ధైర్యముగనే చెప్పును. కాని ఐదును ఆ నాటికి సిద్ధమగు అవకాశము నూటికి 59 పాళ్లు మాత్రమే. ఎవడును అబద్ధమాడలేదు, అయినను కార్యము సగము సందేహమున పడినది. అందుచే ఎక్కువ గొలుసులు కలియు చోటు ఎక్కువ కాపలా కోరును.

కాలము అన్ని నెలలయందు ఒకే వెలకు దొరకదనుట రెండవది. గోదావరిలో పని చేయువానికి నవంబరు మొదలు జూన్ నడిమివరకే నది చోటిచ్చును. ఏడు నెలలు పట్టు పని నవంబరు మొదటి తేదీన ఆరంభమైన మే నెలాఖరునకు ముగియును. అదే పని ఒక నెల ఆలసించి డిసెంబరులో ఆరంభమైనచో జూన్ ఆఖరునకు ముగియవలెనని కాగితపు లెక్క. కాని జూన్ నడుమ నీరు వచ్చును. మిగిలిన పదునైదు దినముల పని నవంబరు నడిమికిగాని ముగియదు. ఒక నెల ఆలస్యము ఐదున్నర నెలలైనది. సగము కట్టినదానిని వరద కొట్టుకొనిపోయినచో ఆ నష్టము వేరు. కాబట్టి ఏ రాయి వెనుక ఋతువు పొంచియున్నదో ఆ రాయి ఆయువుపట్టు.

మన పూర్వులకు ఈ సంగతి నదియే నేర్పెను. ధవళేశ్వరము వద్ద ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. ఆర్థరు కాటను దొర ఎన్నుకొనిన ఆ చోట గోదావరి లంకల నడుమ పాయలుగా చీలియున్నది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్టను కట్టిరి. ఒక పాయలో పని జరుగుచుండగా నీరు మరియొక పాయకు పోవుటకు తావున్నది. నదిని ఎదిరించుటకు ముందు అది పోవలసిన దారిని చూచుకొనుట ఆ పనికి ఆయువుపట్టు. యంత్రములు లేని కాలమున అంతటి పని ఐదేండ్లలో ముగియుటకు వేలకొలది కూలీల చెమట, వీణెం వీరన్నగారి వంటివారి దక్షత యెంత కారణమో, ఈ క్రమజ్ఞానమును అంతే కారణమని మా యభిప్రాయము.

అదే గోదావరిమీద, ధవళేశ్వరమునకు ఎగువన, పోలవరమును చూడుడు. 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టము దానిని జాతీయ ప్రాజెక్టుగ ప్రకటించెను. 194 టి.ఎం.సి.లకు పైబడిన జలాశయము, 50 లక్షల క్యూసెక్కుల వరదను సాగనంపుటకు 48 గేట్ల స్పిల్వే, 960 మెగావాట్ల విద్యుత్కేంద్రము, కుడియెడమల ప్రధాన కాలువలు, సుమారు లక్ష కుటుంబముల పునరావాసము దాని అంగములు. అనేక కార్యముల కూటమి యనుటకు ఇంతకు మించిన ఉదాహరణము తెలుగునాట లేదు.

అక్కడ నదీగర్భమున లోతైన ఇసుక యున్నది. పైన రాతిమట్టికట్ట నెంత బలముగ కట్టినను, అడుగున ఇసుకలోనుండి నీరు ఊరిపోవును. అందుచేత ఇసుకను చీల్చుకొని క్రింది రాతివరకు ఒక గోడను దింపవలెను. దానినే డయాఫ్రం గోడ యందురు. ఆ గోడయు, దానిపై కట్టయు వరద తాకిడి లేని చోట కట్టవలెను గనుక ఎగువ నొకటి, దిగువ నొకటి తాత్కాలికపు అడ్డుకట్టలు వేయవలెను. అడ్డుకట్టలు మూతపడవలెనన్న నది స్పిల్వే గుండ మరలవలెను. స్పిల్వే, దాని ముందరి కాలువ, వెనుకటి కాలువ సిద్ధమైనగాని నది మరలదు. ఇది గొలుసు.

డయాఫ్రం గోడ 2018లో ముగిసెను. పట్టికలో ఆ వరుస కెదురుగ ‘పూర్తి’ యని వ్రాయబడెను. కాని గోడను కాపాడవలసిన అడ్డుకట్టలు రెంటను ఖాళీలు మిగిలియుండెను. 2020 నాటి పెద్దవరదలో గోదావరి ఆ ఖాళీలగుండ వడిగ దూకి, ఇసుకను కోసి, అగాధములను త్రవ్వి, గోడను కొన్ని చోట్ల దెబ్బతీసెను. 2021 జూన్ నాటికిగాని నది స్పిల్వే గుండ మరలలేదు. దెబ్బతిన్న గోడను అతుకుటయా, క్రొత్తదానిని కట్టుటయా యని నిపుణులు బహుకాలము తర్కించి, తుదకు క్రొత్తగోడయే శరణ్యమని తేల్చిరి. దాని పని 2025 జనవరిలో ఆరంభమయ్యెను. 2018లో ‘పూర్తి’ యనిపించుకొనిన పని ఏడవయేట మొదటినుండి మొదలైన దన్నమాట!

తప్పెవరిదను వాదము సభలలోను పత్రికలలోను కావలసినంత జరిగినది. ఆ తీర్పు చెప్పుటకు మేము నేడు నిలువలేదు. మాకు కావలసినది పాఠము. ‘గోడ ముగియుట’ అనునది మైలురాయి కాదు. ‘గోడ ముగిసి, రానున్న వరదకు ముందు దానికి రక్షణ కలుగుట’ యనునది మైలురాయి. మొదటి మాట కాంట్రాక్టరు బిల్లునకు చాలును. రెండవది దేశమునకు కావలెను. తన పని ముగించినవాడు సంతోషించును. తరువాతి పనికి దారి తెరచుకొన్నదా యని చూచువాడు లేకున్న ఆ సంతోషము నీటిపాలగును.

ఇంతటితో కథ ముగియలేదు. ఎగువ అడ్డుకట్ట మూతపడిన నీరు వెనుకకు నిలుచును. ఆ నీరు ఎవరి యిండ్లలోనికి పోవును? దేవీపట్నం మండలమునను, దాని పైనను, కొండలనడుమ తరతరములుగ నున్న కోయల, కొండరెడ్ల గ్రామములలోనికి. పూర్తి మట్టము 45.72 మీటర్లు; తొలిదశకు లెక్కించినది 41.15 మీటర్లు. ఆ మట్టమునకు లోబడిన గ్రామములు ఖాళీయైనగాని అడ్డుకట్టను నిర్భయముగ మూయరాదు. అడ్డుకట్టను మూయకున్న గోడకు రక్షణ లేదు. చూచితిరా! ఎక్కడో కొండక్రింద ఒక గిరిజనుని కుటుంబమునకు కట్టవలసిన యిల్లు, నదిగర్భములోని గోడకు కాపు. పునరావాసమును మనము దయాధర్మపు పద్దుగ వ్రాసికొంటిమి; అది నిర్మాణక్రమమునందే ఆయువుపట్టు.

2021లో నది మరలినతోడనే దేవీపట్నం మండలపు గ్రామములలోనికి వెనుకనీరు వచ్చెను. క్రొత్త ఇండ్లు అందనివారు కొండవాలున పాకలు వేసికొని తలదాచుకొనిరి. సిమెంటు కింత గడువు, ఇనుమున కింత గడువని వ్రాసిన కలము, మనుష్యునికి గడువు వ్రాయుటకు ఏల వెనుదీసెను? అదియును ‘ఇండ్లు మంజూరైనవి’ యని వ్రాసిన చాలదు. కుటుంబము క్రొత్త యింట నిదురించినది, కుళాయిలో నీరు వచ్చినది, బిడ్డ బడికి పోయినది, భూమికి పట్టా చేతికందినది — ఇవి నాలుగును జరిగిన దినమే ఆ మైలురాయి. ఆ దినము రానిదే నీటిమట్టము పెరుగరాదని పట్టికలోనే వ్రాసియుంచవలెను. దేశముకొరకు ఊరు విడుచువానికి దేశము చేయదగిన కనీస మర్యాద యది.

గమ్య మేదో తెలియనివానికి మైలురాళ్లును తెలియవు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. పండ్రెండేండ్లలో అంతటి రాతికట్టడము లేచుట జాతికి గర్వకారణమే. కాని ప్రధాన కాలువలో నీరు పారుట వేరు. తుదిభూమి రైతు మడిలో నీరు నిలుచుట వేరు. ఉపకాలువలు, పిల్లకాలువలు, తూములు, పొలమువరకు బోదెలు — ఇవి యన్నియు ఆ తరువాత బహుకాలము సాగిన పనులు. దేశమంతట ఇదే లోపము కానరాగా, కట్టిన జలాశయములకును తడిసిన పొలములకును నడుమ గల అంతరమును పూడ్చుటకు 1974–75లో కేంద్రప్రభుత్వము ఆయకట్టు అభివృద్ధి కార్యక్రమమును ఆరంభింపవలసి వచ్చెను. తుదిమడి తడియుటయే గమ్యమని మొదటనే యెంచి వెనుకకు లెక్కించియున్నచో, పిల్లకాలువ కట్టతో సమానమైన మైలురాయి యయ్యెడిది.

ఇక గుర్తించు విధమును క్లుప్తముగ చెప్పెదము. పట్టికలోని ప్రతి వరుసను ఐదు ప్రశ్నలు అడుగుడు. ఇది ముగియనిదే మొదలు కాని పనులు ఒకటికి మించియున్నవా? ఇది తప్పిన దినములు పోవునా, ఋతువే పోవునా? ఇక్కడ పని ఒక చేతినుండి మరియొక చేతికి, ఒక శాఖనుండి మరియొక శాఖకు మారుచున్నదా? ఈ అడుగు వేసినచో వెనుకకు తీయుట సాధ్యమా? ముగిసినదా లేదా యని ఊరిలోని సామాన్యుడు చూచి చెప్పగలడా? మొదటి నాలుగింట ఏ రెంటికైనను ‘అవును, ప్రమాదమే’ యని జవాబు వచ్చిన ఆ రాయికి ఎఱ్ఱరంగు పూయుడు. అయిదవ ప్రశ్నకు ‘చెప్పలేడు’ అని జవాబు వచ్చిన ఆ రాయి మాటలనే మార్చి వ్రాయుడు. ‘పని తొంబది పాళ్లు ముగిసినది’ అనునది మైలురాయి కాదు. తొంబది పాళ్లు కట్టిన అడ్డుకట్ట, మిగిలిన పది పాళ్లగుండ నదినంతయు పోనిచ్చును.

ఎఱ్ఱరాళ్లు కొన్నియే యుండవలెను. ఏబది రాళ్లకు ఎఱ్ఱరంగు పూసిన ఒక్కదానికిని పూయనట్లే. ప్రతి రాతికి ఒక్క మనుష్యుడు పేరుతో జవాబుదారి కావలెను. ‘సంబంధిత శాఖలు’ అనిన ఎవరును కారు. అన్నిటికంటె ముఖ్య మొకటి కలదు. ప్రమాదము వచ్చు దినమునకు ముందు, ఇంకను దారి మార్చుకొనుటకు వీలున్న దినమున, ఒక నిర్ణయపు రాయిని పాతవలెను. మే ఆఖరున అడ్డుకట్ట సిద్ధము కాలేదని తెలిసి చేయగలిగిన దేమి? జనవరి ఆఖరునకు ఇంత ఎత్తు రావలెను. రానిచో ఈ యేడు నదికి దారి వదలి, కట్టినదానిని కప్పి కాపాడుదుమని ముందే నిర్ణయించుకొనవలెను. అట్టి నిర్ణయము అపజయము కాదు, అదియే వివేకము.

ఈ వివేకమునకు దూరదేశపు నిదర్శన మొకటి. 1961లో అమెరికా అధ్యక్షుడు కెనడీ ఆ దశాబ్దము ముగియకమునుపే మనుష్యుని చంద్రునిపై దింపి తిరిగి తీసికొనివత్తుమని ప్రకటించెను. చంద్రుని కక్ష్యలో ఒక నౌక నుంచి, మరియొక చిన్ననౌకలో దిగి, తిరిగివచ్చి కలిసికొను పద్ధతిని 1962లో ఎన్నుకొనిరి. ఆ నిర్ణయముతో అంతరిక్షమున రెండు నౌకలు కలియుట ఆయువుపట్టాయెను. 1966 మార్చిలో జెమినై 8 దానిని సాధించెను. 1967 జనవరిలో నేలమీది పరీక్షలో అగ్నిప్రమాదము జరిగి ముగ్గురు వ్యోమగాములు మరణింపగా, పనిని నిలిపి నౌకను మార్చి కట్టిరి. 1968లో చంద్రునిపై దిగవలసిన చిన్ననౌక సిద్ధము కాకపోగా, దానికొరకు ఊరక కూర్చుండక, అది లేకుండనే డిసెంబరులో అపోలో 8ను చంద్రుని చుట్టి రమ్మని పంపిరి. రాళ్ల వరుసను మార్చిరి, గమ్యమును మార్చలేదు. 1969 జులైలో మనుష్యుడు చంద్రునిపై అడుగు పెట్టెను.

మనమో, పెక్కుసార్లు వరుసను మార్చము, తేదీని మాత్రము మార్చుదుము. ఏల తప్పినదో చెప్పక తేదీని జరుపుట దారి తప్పిన బాటసారి మైలురాయిని పెకలించి తన ముందర పాతుకొనుట వంటిది.

సోదరులారా! మేము ఇంజనీరులము కాము. మీలోను పెక్కురు కారు. ఐనను ఈ విషయమును ఇంజనీరుల సభలో గాక పఠనమందిరమున చెప్పుటకు కారణ మున్నది. ధనము ప్రజలది, నది ప్రజలది, మునుగు ఊరును ఎండు పొలమును ప్రజలవే. నాయకులు వచ్చినప్పుడు ‘ఎప్పుడు ముగియును?’ అని యడుగుట మనకలవాటు. ఆ ప్రశ్నకు తేదీ చెప్పుట కంటె సులభమైన పని లేదు. ఇకమీదట ఇట్లడుగుడు: ‘రానున్న వరదకు ముందు ముగియవలసినది ఏది? అది నేటి కెంతవరకు వచ్చినది? రానిచో ఏమి చేయుదురు? ఆ నీటికి ముందు కదలవలసిన ఊళ్లేవి, వారి ఇండ్లెక్కడ?’ ఈ నాలుగు ప్రశ్నలను ఈ మందిరపు గోడపై వ్రాసియుంచి, ఏటేట జవాబులను ప్రక్కన వ్రాయుడు. మీ బల్లమీది పత్రికలలో కానరాని పుటను మీరే వ్రాసినవారగుదురు.

నది ఎవరి ఉపన్యాసమును వినదు. మా ఉపన్యాసమును అసలే వినదు. జూన్ నెల వచ్చిన అది తన దారిన వచ్చును. అంతకుముందే మన పని ముగియవలెను.